పాఠం – 9: ఇంట్లోని వైన్ నిల్వకు భూకంప రక్షణ

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 ప్రస్తావన
9.2 నాపా భూకంపం, 2014: ఒక పరిశీలన
9.3 సీసాలు ఎందుకు పగులుతాయి?
9.3.1 రాక్ ఒరగడం
9.3.2 సీసా జారడం
9.4 నివారణ చర్యలు
9.4.1 స్థలం ఎంపిక
9.4.2 రాక్‌ను గోడకు బిగించడం
9.4.3 సీసాను రాక్‌లోనే నిలిపి ఉంచడం
9.4.4 పెట్టెలు, వైన్ ఫ్రిజ్‌లు
9.5 జాబితా, బీమా
9.6 భూకంపం ఆగిన తరువాత
9.7 మన ఇళ్లకు అన్వయం
9.8 సారాంశం
9.9 ముఖ్య పదాలు
9.10 ‘మీ ప్రగతిని సరిచూసుకోండి’ – సమాధానాలు
9.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• నిర్మాణేతర నష్టం అంటే ఏమిటో ఉదాహరణతో వివరించగలుగుతారు.
• ఎత్తయిన రాక్ ఎంత త్వరణం వద్ద ఒరగడం మొదలుపెడుతుందో లెక్కించగలుగుతారు.
• రాక్‌ను గోడకు బిగించే పద్ధతినీ, సీసాలను రాక్‌లో నిలిపి ఉంచే పద్ధతులనూ వేరువేరుగా చెప్పగలుగుతారు.
• భూకంపం ఆగిన తరువాత గాజు పెంకుల మధ్య పాటించవలసిన జాగ్రత్తలను పేర్కొనగలుగుతారు.

9.1 ప్రస్తావన

పునాదులు, స్తంభాలు, దూలాలు, బరువు మోసే గోడలు భవనపు నిర్మాణ భాగాలు. వాటిని భూకంపానికి తట్టుకునేలా ఎలా కట్టాలో గత పాఠాల్లో తెలుసుకున్నారు. అయితే ఇల్లు చెక్కుచెదరకుండా నిలిచినా ఇంట్లో ఉన్నవారు గాయపడవచ్చు, విలువైన వస్తువులు నాశనం కావచ్చు. బీరువాలు, అల్మరాలు, టీవీలు, నీటి హీటర్లు, గోడ అద్దాలు, సీసాలు భవనపు బరువును మోయవు. అందుకే వీటిని నిర్మాణేతర అంశాలు అంటారు. వీటి వల్ల కలిగే నష్టమే నిర్మాణేతర నష్టం.

ఈ నష్టాన్ని అర్థం చేసుకోవడానికి అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, ఇళ్లలో దాచుకునే వైన్ సీసాలను ఉదాహరణగా తీసుకుందాం. దీనికి మూడు కారణాలున్నాయి. ఒకటి, వైన్ సీసా బరువైనది, పైగా గాజుది. రెండు, తక్కువ చోటులో ఎక్కువ సీసాలు పట్టాలని వాటిని సన్నగా, ఎత్తుగా ఉండే రాక్‌లలో పేరుస్తారు. మూడు, వైన్‌ను ఏళ్ల తరబడి కదపకుండా ఉంచుతారు కాబట్టి ఆ కాలంలో ఎప్పుడో ఒకసారి భూకంపం వచ్చే అవకాశం ఉంటుంది. బరువు, పెళుసుదనం, ఎత్తు, కాలం ఈ నాలుగూ ఒకేచోట కలిసిన ఉదాహరణ ఇది.

కాలిఫోర్నియాలో తెలుగు కుటుంబాలు అనేకం స్థిరపడిన ఫ్రీమాంట్ నగరం గుండానే హేవార్డ్ భ్రంశం పోతుంది. ఆ భ్రంశంపై చివరి పెద్ద భూకంపం 1868 అక్టోబరు 21న సంభవించింది. అక్కడి ఇళ్లలో వైన్ సీసాలు ఉన్నా, ఆవకాయ జాడీలు ఉన్నా ఈ పాఠంలోని సూత్రాలు ఒకే విధంగా వర్తిస్తాయి.

9.2 నాపా భూకంపం, 2014: ఒక పరిశీలన

శాన్‌ఫ్రాన్సిస్కోకు ఈశాన్యంగా ఉన్న నాపా లోయ ద్రాక్షతోటలకు, వైన్ తయారీకి ప్రసిద్ధి. 2014 ఆగస్టు 24, ఆదివారం తెల్లవారుజామున 3 గంటల 20 నిమిషాలకు అక్కడ 6.0 పరిమాణం గల భూకంపం వచ్చింది. 1989 అక్టోబరు 17 నాటి లోమా ప్రియేటా భూకంపం (పరిమాణం 6.9) తరువాత శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం ప్రాంతంలో వచ్చిన భూకంపాలన్నిటిలో ఇదే పెద్దది.

వైన్ కర్మాగారాల్లో పీపాలను ఇనుప చట్రాల మీద జతలుగా ఉంచి, ఆ చట్రాలను ఒకదానిపై ఒకటి అనేక వరసలుగా పేరుస్తారు. సాధారణంగా వాడే పీపాలో 225 లీటర్లు పడుతుంది. నిండిన పీపా బరువు పావు టన్నును మించుతుంది. ఈ చట్రాలను ఒకదానితో ఒకటి బిగించరు, కేవలం ఒకదానిపై ఒకటి ఆనించి ఉంచుతారు. నాపాలో అనేకచోట్ల ఈ వరసలు కూలి, పీపాలు గుట్టలుగా పడ్డాయి. వైన్ నేలపాలైంది. భూకంపం పని వేళల్లో కాకుండా తెల్లవారకముందే రావడం వల్ల పీపాల గదుల్లో మనుషులు లేరు. అదే గదుల్లో కార్మికులు ఉండే సమయమైతే ఏం జరిగేదో ఊహించడం కష్టం కాదు.

ఇళ్లలోనూ ఇదే కథ. వంటింటి అల్మరాలు తెరుచుకుని గాజుసామాను నేల మీద పడింది. రాక్‌ల నుంచి సీసాలు జారిపడ్డాయి. టీవీ తగిలి తలకు గాయమైన ఒక మహిళ తరువాత మరణించారు. ఆమె ప్రాణం తీసింది కూలిన కప్పు కాదని గమనించండి. ఇంట్లో మనం రోజూ చూసే వస్తువే ప్రాణాంతకమైంది. కాబట్టి సీసాలను కాపాడుకోవడం అన్నప్పుడు మొదట కాపాడుకోవలసింది ఆ గదిలో ఉండే మనుషులను.

9.3 సీసాలు ఎందుకు పగులుతాయి?

నేల ఒక్కసారిగా పక్కకు కదిలినప్పుడు దానిపై ఉన్న వస్తువు జడత్వం వల్ల ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. వస్తువుపై పనిచేసే బలాన్ని ఈ సూత్రంతో లెక్కిస్తాం.

బలం = ద్రవ్యరాశి × త్వరణం

భూకంప త్వరణాన్ని గురుత్వ త్వరణంతో (సెకనుకు సెకనుకు 9.8 మీటర్లు) పోల్చి చెప్పడం వాడుక. దాన్ని ‘జి’ అని రాస్తే, 0.4 జి అంటే గురుత్వ త్వరణంలో పదింట నాలుగు వంతులు. ఇది బలమైన ప్రకంపన.

9.3.1 రాక్ ఒరగడం

ఒక ఉదాహరణ తీసుకుందాం. రాక్ ఎత్తు 180 సెం.మీ., లోతు 30 సెం.మీ. అందులో 120 సీసాలున్నాయి. నిండిన 750 మి.లీ. సీసా బరువు సుమారు 1.3 కిలోలు అనుకుంటే సీసాల బరువు 156 కిలోలు. రాక్ బరువు 24 కిలోలు కలిపితే మొత్తం 180 కిలోలు. సీసాలు అన్ని వరసల్లోనూ సమానంగా ఉంటే గరిమనాభి నేల నుంచి 90 సెం.మీ. ఎత్తులో, ముందు అంచు నుంచి 15 సెం.మీ. లోపలికి ఉంటుంది.

దేనికీ బిగించని రాక్ ఒరగడం మొదలయ్యే త్వరణం = 15 ÷ 90 = సుమారు 0.17 జి.

ఈ ఫలితంలో బరువు ఎక్కడా రాలేదని గమనించండి. “ఇంత బరువైన రాక్ ఎక్కడికి పోతుంది?” అన్న ధీమా తప్పు. రాక్ స్థిరత్వాన్ని నిర్ణయించేది లోతుకూ, గరిమనాభి ఎత్తుకూ ఉన్న నిష్పత్తి. పై వరసలను ఖాళీ చేసి గరిమనాభిని 60 సెం.మీ. ఎత్తుకు దించితే ఒరగడానికి కావలసిన త్వరణం 15 ÷ 60 = 0.25 జికి పెరుగుతుంది. బరువైన సీసాలను కింది వరసల్లో ఉంచమని చెప్పడానికి ఇదే కారణం. ఒరగడం మొదలైన ప్రతి రాక్ పడిపోతుందని కాదు. క్షణకాలం ఊగి మళ్లీ నిలబడవచ్చు కూడా. కాని ఊగే రాక్‌లోని సీసాలు మాత్రం నిలవవు.

9.3.2 సీసా జారడం

రాక్ కదలకుండా ఉన్నా సీసాలు ముందుకు జారి పడవచ్చు. బిరడా ఎండిపోకుండా ఉండాలని వైన్ సీసాలను పడుకోబెట్టి, మెడ బయటికి కనిపించేలా ఉంచుతారు. నున్నని గాజుకూ కొయ్యకూ మధ్య ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే, 0.3 జి దాటగానే సీసా జారడం మొదలవుతుంది. ఇక్కడ కూడా బరువుతో సంబంధం లేదు. పెద్ద సీసా, చిన్న సీసా రెండూ ఒకే త్వరణం వద్ద జారతాయి. నేల పైకీ కిందికీ కూడా ఊగుతుంది కాబట్టి సీసా రాక్‌పై ఆనే ఒత్తిడి కొన్ని క్షణాల్లో తగ్గి, ఇంకా ముందే జారవచ్చు.

జారిన సీసా పడి పగలడం ఒక రకం నష్టం. పక్కపక్కనే తగులుతూ ఉన్న సీసాలు ఒకదానినొకటి ఢీకొని, రాక్‌లో ఉండగానే పగలడం రెండో రకం. మొదటిదానికి అడ్డుకట్ట, రెండోదానికి మధ్యలో ఎడం లేదా మెత్త అవసరం.

మీ ప్రగతిని సరిచూసుకోండి – I
గమనిక: (అ) మీ సమాధానాన్ని కింది ఖాళీలో రాయండి. (ఆ) పాఠం చివర ఇచ్చిన సమాధానంతో పోల్చుకోండి.
1. 40 సెం.మీ. లోతు, 160 సెం.మీ. ఎత్తు గల రాక్‌లో సీసాలు సమానంగా పేర్చి ఉన్నాయి. దేనికీ బిగించకపోతే అది ఎంత త్వరణం వద్ద ఒరగడం మొదలవుతుంది?
................................................................

9.4 నివారణ చర్యలు

9.4.1 స్థలం ఎంపిక

భవనపు పై అంతస్తుల్లో ఊపు ఎక్కువగా ఉంటుంది. కాబట్టి సీసాలను నేలమాళిగలో గాని, కింది అంతస్తులో గాని ఉంచడం మేలు. వైన్‌కు సుమారు 12–13 డిగ్రీల సెల్సియస్ స్థిరమైన చల్లదనం కావాలి గనుక ఈ ఎంపిక నిల్వకూ అనుకూలమే. పడకగదిలో మంచం పక్కన, పిల్లలు ఆడుకునే చోట, ఇంటి నుంచి బయటపడే దారిలో రాక్ ఉండకూడదు. దారిలో రాక్ పడితే తలుపు తెరుచుకోదు. తెరుచుకున్నా గాజు పెంకుల మీదుగా నడవాలి.

గ్యాస్‌తో పనిచేసే నీటి హీటరు దగ్గర కూడా రాక్ ఉండరాదు. రాక్ దానిపై పడి గ్యాస్ గొట్టం విరిగితే మంటలు లేవవచ్చు. కాలిఫోర్నియా చట్టం నీటి హీటర్లను పట్టీలతో గోడకు బిగించాలని ఆదేశిస్తుంది. వైన్‌లో ఆల్కహాల్ సుమారు 12–15 శాతమే కాబట్టి అది తేలికగా అంటుకోదు. విస్కీ, బ్రాందీ వంటి 40 శాతం ఆల్కహాల్ గల ద్రవాల ఆవిరి మాత్రం సుమారు 26 డిగ్రీల వద్దే నిప్పు తగిలితే అంటుకుంటుంది. వాటిని వేరుగా, మరింత కింద ఉంచాలి.

9.4.2 రాక్‌ను గోడకు బిగించడం

9.3.1లోని రాక్‌ను పైభాగంలో గోడకు బిగించామనుకుందాం. 0.4 జి వద్ద గోడ బిగింపుపై ఎంత లాగుడు పడుతుందో చూడండి.

పక్కబలం = 180 × 9.8 × 0.4 = సుమారు 706 న్యూటన్లు
పడదోసే భ్రామకం = 706 × 0.9 = సుమారు 635 న్యూటన్–మీటర్లు
బరువు వల్ల నిలబెట్టే భ్రామకం = 180 × 9.8 × 0.15 = సుమారు 265 న్యూటన్–మీటర్లు
మిగిలినది = 370 న్యూటన్–మీటర్లు
పై బిగింపుపై లాగుడు = 370 ÷ 1.8 = సుమారు 206 న్యూటన్లు (దాదాపు 21 కిలోల బరువు)

180 కిలోల రాక్‌ను నిలబెట్టడానికి పైన 21 కిలోల బరువుకు సమానమైన పట్టు చాలన్నమాట. అందుకే ఈ చర్య ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. అయితే త్వరణం 0.8 జికి పెరిగితే ఇదే లెక్కలో లాగుడు సుమారు 559 న్యూటన్లు (దాదాపు 57 కిలోలు) అవుతుంది. త్వరణం రెట్టింపయితే లాగుడు రెట్టింపు కంటే ఎక్కువగా పెరిగిందని గమనించండి. నిలబెట్టే భ్రామకం మారకుండా ఉండడమే దీనికి కారణం. కాబట్టి బిగింపులు లెక్కకు వచ్చినదాని కంటే బాగా గట్టిగా ఉండాలి. కనీసం రెండు చోట్ల బిగించాలి.

ఎక్కడ బిగించాలన్నది అంతే ముఖ్యం. కాలిఫోర్నియా ఇళ్లలో ఎక్కువ భాగం కొయ్య చట్రపు ఇళ్లు. గోడ లోపల సాధారణంగా 40 సెం.మీ. ఎడంలో కొయ్య నిలువులు ఉంటాయి. వాటిపై జిప్సం పలక పరిచి ఉంటుంది. పలకలోకి మాత్రమే దిగిన స్క్రూ ఊడి వస్తుంది. స్క్రూ పలకను దాటి కొయ్య నిలువులోకి దిగాలి. ఇటుక లేదా కాంక్రీటు గోడ అయితే పైపూతలో కాక గట్టి భాగంలోకి దిగే యాంకర్ బోల్టు వాడాలి. రాక్ వైపున కూడా స్క్రూ పలుచని వెనుక చెక్కకు కాకుండా చట్రానికి తగలాలి. పక్కపక్కన ఉన్న రాక్‌లను ఒకదానితో ఒకటి బోల్టులతో కలిపితే అవి ఢీకొనకుండా ఒకే వస్తువులా కదులుతాయి. రాక్ అడుగు కూడా ముందుకు జారకుండా నేలకో, గోడకో బిగించాలి.

9.4.3 సీసాను రాక్‌లోనే నిలిపి ఉంచడం

రాక్‌ను బిగించగానే పని పూర్తయిందనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. రాక్ నిలిచినా సీసాలు జారతాయని 9.3.2లో చూశారు. దీనికి కింది పద్ధతులున్నాయి.

(అ) అడ్డుబద్ద: ప్రతి వరస ముందూ, సీసా మెడ కాకుండా భుజం తగిలి ఆగేటంత ఎత్తులో కొయ్యబద్ద బిగించాలి. సీసా తీసేటప్పుడు దాన్ని కొద్దిగా పైకెత్తి తీయవచ్చు.

(ఆ) సాగే తాడు లేదా వల: వరస ముందు అడ్డంగా తాడు లాగి రెండు చివర్లా కొక్కేలకు తగిలించాలి. తాడు వదులుగా ఉంటే సీసా దాని కిందుగా జారిపోతుంది. ఖరీదు తక్కువ గనుక అద్దె ఇళ్లవారికి ఇది అనువైన పద్ధతి.

(ఇ) వెనక్కి వాలు: సీసాలు వెనక్కి 5 డిగ్రీలు వాలేలా అమర్చితే, ఘర్షణ గుణకం 0.3 అయినప్పుడు ముందుకు జారడానికి కావలసిన త్వరణం 0.3 జి నుంచి సుమారు 0.4 జికి పెరుగుతుంది. అంతకంటే ఎక్కువ వాలిస్తే వైన్ బిరడాకు దూరమై, బిరడా ఎండిపోవచ్చు. కాబట్టి వాలు సహాయక చర్య మాత్రమే, అడ్డుబద్దకు బదులు కాదు.

(ఈ) తలుపులు: తలుపులున్న అల్మరా అయితే అయస్కాంతపు పట్టును నమ్మకూడదు. చేత్తో తిప్పితే తప్ప తెరుచుకోని గొళ్లెం ఉండాలి. గాజు తలుపులకు పగిలినా పెంకులు చెదరకుండా పట్టి ఉంచే పారదర్శక పొర అంటించవచ్చు.

ఒకే గూటిలో పది పన్నెండు సీసాలను గుట్టగా పేర్చే చతురస్రపు గూళ్లు చూడడానికి బాగుంటాయి. కాని వాటిలో గాజుకు గాజు తగులుతుంది. పై సీసా జారితే కిందివీ సర్దుకుంటూ జారతాయి. విలువైన సీసాలకు విడివిడి గూళ్లే మేలు.

9.4.4 పెట్టెలు, వైన్ ఫ్రిజ్‌లు

అన్నిటికంటే సులభమైన రక్షణ, సీసాలను అవి వచ్చిన పెట్టెలోనే ఉంచడం. పెట్టెలోని అట్ట గదులు సీసాలను ఒకదానికొకటి తగలనివ్వవు. పన్నెండు సీసాల పెట్టె సుమారు 16 కిలోలు ఉంటుంది కనుక నేల మీద ఒకటి, రెండు వరసలకు మించి పేర్చరాదు. తేమ ఉన్న నేలమాళిగలో అట్ట మెత్తబడి కింది పెట్టె కుంగిపోతుంది. అక్కడ కొయ్య పెట్టెలు వాడాలి.

వైన్ ఫ్రిజ్‌కు రెండు ప్రమాదాలున్నాయి: ఒరగడం, తలుపు తెరుచుకోవడం. వెనుక పైభాగాన్ని పట్టీతో గోడలోని కొయ్య నిలువుకు కట్టాలి, తలుపుకు గొళ్లెం పెట్టాలి. చక్రాలుంటే తాళం వేయాలి. లోపలి లోహపు తీగల అరలపై సీసాలు సులభంగా జారతాయి కాబట్టి రబ్బరు చాప పరచవచ్చు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – II
2. రాక్‌ను గోడకు గట్టిగా బిగించిన తరువాత కూడా సీసాలకు అడ్డుబద్ద ఎందుకు అవసరం?
................................................................

9.5 జాబితా, బీమా

కాలిఫోర్నియాలో మామూలు గృహ బీమా భూకంప నష్టాన్ని భరించదు. అందుకు విడిగా పాలసీ తీసుకోవాలి. 1994 జనవరి 17 నాటి నార్త్‌రిడ్జ్ భూకంపం (పరిమాణం 6.7) తరువాత బీమా కంపెనీలు వెనుకడుగు వేయడంతో 1996లో కాలిఫోర్నియా భూకంప ప్రాధికార సంస్థ ఏర్పడింది. పాలసీ తీసుకునేటప్పుడు గాజు వస్తువులు, సేకరణలు అందులో వస్తాయా, నష్టంలో మొదట ఎంత భాగం తామే భరించాలి అన్న రెండు విషయాలు చదివి చూసుకోవాలి. సీసాల జాబితా, కొన్న రసీదులు, ఫొటోలు తయారుచేసి, వాటి ప్రతిని ఇంటి బయట మరోచోట ఉంచాలి. రాక్ కింద నలిగిన నోటుపుస్తకం ఏ నష్టాన్నీ రుజువు చేయలేదు.

9.6 భూకంపం ఆగిన తరువాత

ఊగుతున్నప్పుడు రాక్‌ను పట్టుకుని ఆపాలని ఎవరూ ప్రయత్నించకూడదు. 180 కిలోల బరువును మనిషి ఆపలేడు. వంగి, బల్ల కింద తల దాచుకుని, బల్ల కాలు పట్టుకుని ఉండాలి. ఊపు ఆగిన తరువాత ఈ వరసలో పనిచేయాలి.

1. చెప్పులు కాదు, గట్టి అడుగున్న బూట్లు వేసుకోవాలి. ఇందుకోసం మంచం పక్కనే ఒక జత బూట్లు, టార్చిలైటు ఉంచుకోవాలి.
2. గ్యాస్ వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా అందరూ బయటికి వెళ్లాలి.
3. అనుకంపనలు వస్తాయి కాబట్టి సీసాల గదిలోకి వెంటనే పోరాదు. సగం బయటికి వచ్చి ఆగిన సీసాలు తరువాతి ఊపుకు పడతాయి.
4. అల్మరా తలుపును నెమ్మదిగా, పక్కకు నిలబడి తెరవాలి. లోపల సీసా తలుపుకు ఆనుకుని ఉండవచ్చు.
5. మెరిసే వైన్ సీసాలో ఒత్తిడి 6 వాతావరణ పీడనాల వరకు ఉంటుంది. దెబ్బతిన్న అటువంటి సీసా పేలవచ్చు. కళ్లద్దాలు, మందపాటి చేతితొడుగులు లేకుండా దాన్ని ముట్టుకోకూడదు.
6. శుభ్రం చేసేముందు ఫొటోలు తీయాలి.

9.7 మన ఇళ్లకు అన్వయం

తెలుగు రాష్ట్రాలు కాలిఫోర్నియా అంత ప్రమాదకర ప్రాంతాలు కావు. అయినా 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం ప్రాంతాల్లో భూకంపాలు వచ్చాయి. 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 పరిమాణం గల భూకంపం వచ్చి హైదరాబాద్ దాకా తెలిసింది. మన ఇళ్లలో మంచం పక్కన నిలబెట్టిన ఇనుప బీరువా, దానిపై పెట్టిన సూట్‌కేసులు, అటక మీది ఇత్తడి బిందెలు ఇదే తరహా ప్రమాదం. బీరువా లోతును ఎత్తుతో భాగించి చూడండి. ఆ తరువాత మంచాన్ని ఎటు జరపాలో మీకే తెలుస్తుంది.

9.8 సారాంశం

భవనం నిలిచినా అందులోని వస్తువులు పడి ప్రాణనష్టం, ఆస్తినష్టం కలిగించవచ్చు. రాక్ స్థిరత్వం దాని బరువుపై కాక, లోతుకూ గరిమనాభి ఎత్తుకూ ఉన్న నిష్పత్తిపై ఆధారపడుతుంది. రాక్‌ను గోడలోని గట్టి భాగానికి బిగించడం మొదటి రక్షణ, సీసాను రాక్‌లో నిలిపి ఉంచడం రెండో రక్షణ. ఒకటి ఉండి మరొకటి లేకపోతే రక్షణ సగమే. సరైన స్థలం, జాబితా, బీమా, తరువాతి జాగ్రత్తలు వీటికి తోడవుతాయి.

9.9 ముఖ్య పదాలు

నిర్మాణేతర అంశం: భవనపు బరువును మోయని, భవనంలో ఉండే వస్తువు లేదా భాగం.
గరిమనాభి: వస్తువు బరువంతా కేంద్రీకృతమైనట్లు భావించే బిందువు.
భ్రామకం: బలాన్ని, అది పనిచేసే దూరంతో హెచ్చవేయగా వచ్చే ఫలితం.
అనుకంపన: ప్రధాన భూకంపం తరువాత అదే ప్రాంతంలో వచ్చే భూకంపం.

9.10 ‘మీ ప్రగతిని సరిచూసుకోండి’ – సమాధానాలు

1. గరిమనాభి ఎత్తు 80 సెం.మీ., ముందు అంచు నుంచి దూరం 20 సెం.మీ. కాబట్టి 20 ÷ 80 = 0.25 జి.
2. రాక్ గోడతో కలిసి కదులుతుంది గాని, సీసాను రాక్‌లో పట్టి ఉంచేది ఘర్షణ మాత్రమే. త్వరణం ఘర్షణ గుణకాన్ని మించితే సీసా జారుతుంది. దాన్ని ఆపడానికి అడ్డుబద్ద కావాలి.

9.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. ఇంట్లోని వైన్ నిల్వను ఉదాహరణగా తీసుకుని నిర్మాణేతర నష్ట నివారణ చర్యలను వివరించండి.
2. గోడకు బిగించిన రాక్ పై బిగింపుపై పడే లాగుడును లెక్కించే విధానాన్ని తెలిపి, త్వరణం పెరిగితే ఏమవుతుందో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. 2014 నాపా భూకంపం నేర్పిన పాఠాలేమిటి?
2. భూకంపం ఆగిన తరువాత సీసాల గదిలో పాటించవలసిన జాగ్రత్తలు రాయండి.
3. మీ ఇంట్లోని ఏదైనా ఒక ఎత్తయిన వస్తువును కొలిచి, అది ఒరగడం మొదలయ్యే త్వరణాన్ని లెక్కించండి.